సహజీవన తారల గుర్తింపులో వర్ణపట సాక్ష్యం: గుంటూరు నుంచి బోధన్ వరకు ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

దూరదర్శినిలో ఒకే చుక్కగా కనిపించే కాంతిలో చల్లని అరుణ మహాతార ఒకటి, అత్యుష్ణమైన చిన్న తార ఒకటి కలిసి ఉండవచ్చు. వీటిని సహజీవన తారలు అంటారు. చూపుకు విడిపడని ఈ జంటను బయటపెట్టేది ప్రధానంగా వర్ణపటమే. ఆ వర్ణపట సాక్ష్యం ఎలా రూపుదిద్దుకున్నదో, అందులో తెలుగు నేలతో ముడిపడిన ఘట్టాలు ఏవో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. విశ్వవిద్యాలయాలు, వేధశాలలతో పాటు బోధన్ వంటి చోట్లలోని చక్కెర కర్మాగారపు ప్రయోగశాలను కూడా కాంతి పరీక్షల చరిత్రలో భాగంగా చూడాలన్నది వ్యాసకర్త వాదం.

కీలక పదాలు: సహజీవన తార, వర్ణపటం, హీలియం, అయనీకరణం, రామన్ పరిక్షేపణం, ధ్రువణం, బోధన్.

1. మిశ్రమం అనే సమస్య

చక్కెర ద్రావణపు విశిష్ట భ్రమణాన్ని కనుగొనడం మన డిగ్రీ కళాశాలల భౌతికశాస్త్ర ప్రయోగాల్లో ఒకటి. చీకటి గది, సోడియం దీపం, ద్రావణం నింపిన గాజు గొట్టం, దానికి రెండు వైపులా ధ్రువణ సాధనాలు ఉంటే చాలు. దృష్టి క్షేత్రంలోని రెండు అర్ధభాగాలు సమానంగా కనిపించేవరకు కటకపు కొనను తిప్పి కోణం చదువుతారు. నిజామాబాద్ జిల్లాలో ఇది విద్యార్థుల రికార్డు పుస్తకానికి మాత్రమే పరిమితమైన విషయం కాదు. మంజీరా నదిపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ప్రాజెక్టు నీటితో ఈ ప్రాంతం చెరకు సీమగా మారింది. 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదిగా పేరుపొందిన మిల్లు అది. గానుగ ఆడే కాలంలో ఏ చక్కెర కర్మాగారంలోనైనా ప్రయోగశాల రేయింబవళ్ళు చేసే పని ఒకటే: చెరకు రసంలో చక్కెర ఎంత ఉన్నదో కాంతితో తేల్చడం.

ఆ లెక్క చూడటానికి తేలిక. 100 మిల్లీలీటర్లలో 26 గ్రాముల శుద్ధమైన సుక్రోజు కరిగించి, 20 సెంటీమీటర్ల గొట్టంలో నింపితే, సోడియం పసుపు కాంతి ధ్రువణ తలం 34.6 డిగ్రీల మేర కుడివైపుకు తిరుగుతుంది. ఆ కోణాన్నే నూరుగా తీసుకొని పరిశ్రమ తన కొలబద్దను కట్టుకున్నది. చిక్కంతా రసం శుద్ధమైన సుక్రోజు కాకపోవడంలో ఉంది. అందులో గ్లూకోజు ఉంటుంది, ఎడమవైపుకు తిప్పే ఫ్రక్టోజు ఉంటుంది. అందువల్ల పరికరం చూపే ఒక్క కోణం పలు పదార్థాల కూడిక. 19వ శతాబ్ది మధ్యలో ఫ్రెంచి రసాయనజ్ఞుడు క్లెర్జే దీనికి మార్గం చూపారు. మొదట ఒక పఠనం తీసుకోవాలి. తరువాత ఆమ్లంతో సుక్రోజును విడగొట్టి మరో పఠనం తీసుకోవాలి. రెండింటి భేదం నుంచి సుక్రోజు వాటా బయటపడుతుంది.

మిశ్రమాన్ని ఒక్క కొలతతో నమ్మలేమని, దాన్ని మరో విధంగా కూడా ప్రశ్నించాలని చెరకు రసాయనజ్ఞులకు బాగా తెలుసు. ఖగోళశాస్త్రంలో ఈ పాఠం అత్యంత తీవ్రంగా ఎదురైనది సహజీవన తారల విషయంలోనే.

2. గుంటూరు, మచిలీపట్నం: 1868

సోడియం వెలుగులోని జంట పసుపు రేఖలకు ఫ్రౌన్‌హోఫర్ డి అని పేరు పెట్టారు. వాటి తరంగదైర్ఘ్యాలు 589.0, 589.6 నానోమీటర్లు. 1859లో కిర్కాఫ్, బున్సెన్ ఈ రేఖలు మూలకాల ఆనవాళ్ళని స్థాపించారు. అప్పటి నుంచి సంపూర్ణ సూర్యగ్రహణం వస్తే చాలు, వర్ణపటదర్శినులతో బృందాలు బయలుదేరేవి. 1868 ఆగస్టు 18 నాటి గ్రహణ మార్గం గుంటూరు, మచిలీపట్నం మీదుగా సాగింది. గుంటూరులో ఫ్రాన్సు నుంచి వచ్చిన పియెర్ జాన్సెన్, బ్రిటిష్ అధికారి టెనెంట్ వేర్వేరుగా శిబిరాలు వేశారు. మద్రాసు వేధశాలకు చెందిన నార్మన్ పాగ్‌సన్ మచిలీపట్నం చేరారు.

గుంటూరులో హీలియం కనుగొన్నారన్న వాక్యం తెలుగులో తరచుగా వినబడుతుంది. అభిమానం సంగతి ఎలా ఉన్నా, ఆ వాక్యాన్ని కొంత సవరించుకోవాలి. జాన్సెన్ గుంటూరులో నిర్ధారించినది సూర్యుని అంచున ఎగసే జ్వాలలు ప్రకాశరేఖలను వెలువరించే వాయువులని. ఆ రేఖలు గ్రహణం లేనప్పుడు కూడా కనిపించేంత తీవ్రమైనవని ఆయన గ్రహించి, మర్నాడే అదే గుంటూరులో చూసి రుజువు చేశారు. ఇది సౌరభౌతికానికి కొత్త పద్ధతినిచ్చిన పరిశీలన. కొత్త మూలకం మాట మాత్రం అప్పుడు ఆయన అనలేదు. పసుపు రేఖ సోడియం రేఖ స్థానంలోనో దానికి సమీపంలోనో ఉన్నదని పాగ్‌సన్ తన నివేదికలో రాశారు. ఆ సంశయం చిన్నదే కాని విలువైనది. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకియర్ ఆ రేఖ డి జంటతో కలవదని, 587.6 నానోమీటర్ల దగ్గర విడిగా ఉన్నదని స్పష్టం చేశారు. భూమిపై హీలియంను విలియం రామ్సే 1895లో గానీ పట్టుకోలేకపోయారు.

ఈ వివరాలను ఇంత పట్టి చెప్పడానికి కారణం ఉంది. సోడియం రేఖకూ హీలియం రేఖకూ మధ్య ఎడం రెండు నానోమీటర్లకు లోపే. ఒక రేఖ ఎక్కడ ఉన్నదన్నది ఎంత కచ్చితంగా చెప్పగలిగితే, ఏ పదార్థం ఉన్నదన్నది అంత కచ్చితంగా చెప్పగలం. సహజీవన తారల గుర్తింపు కూడా చివరికి ఇటువంటి కొద్దిపాటి ఎడాల మీదనే ఆధారపడింది. అందులో ముఖ్యపాత్ర హీలియందే.

3. 468.6 నానోమీటర్లు

1896లో హార్వర్డ్‌లో ఎడ్వర్డ్ పికరింగ్ ఒక అత్యుష్ణ తార వర్ణపటంలో అపరిచితమైన రేఖాశ్రేణిని గుర్తించి, దాన్ని హైడ్రోజన్‌కు ఆపాదించారు. 1912లో లండన్‌లో ఆల్‌ఫ్రెడ్ ఫౌలర్ హైడ్రోజన్, హీలియం కలిపిన ఉత్సర్గ నాళంలో 468.6 నానోమీటర్ల రేఖను పుట్టించి, తాను కూడా హైడ్రోజన్ అనే తలచారు. మిశ్రమం మళ్ళీ మోసగించింది. 1913లో నీల్స్ బోర్ తన పరమాణు సిద్ధాంతంతో ఆ రేఖలు ఒక ఎలక్ట్రాన్ కోల్పోయిన హీలియానివని చూపారు. ప్రయోగాలు ఆయన మాటను సమర్థించాయి.

ఇక్కడి నుంచి రెండు దారులు భారతదేశం వైపు వస్తాయి. 1920లో మేఘనాథ్ సాహా అయనీకరణ సమీకరణాన్ని ప్రకటించారు. ఫౌలర్ ప్రయోగశాలలో గడిపిన కాలంలో దానిని తారల వర్ణపటాలకు విస్తరించారు. ఏ ఉష్ణోగ్రత వద్ద ఏ పరమాణువు ఎన్ని ఎలక్ట్రాన్లు కోల్పోతుందో లెక్కగట్టడం సాధ్యమైంది. రెండవ దారి విశాఖపట్నానిది. అదే ఫౌలర్ వద్ద శిక్షణ పొందిన కె. రంగధామరావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వర్ణపట పరిశోధనకు ఒక సంప్రదాయాన్ని నెలకొల్పారు. వాల్తేరులో జరిగినది ఖగోళశాస్త్రం కాదు. అయనీకృత పరమాణువుల, అణువుల రేఖలను ప్రయోగశాలలో విశ్లేషించే పని. అయితే తారల వర్ణపటంలోని రేఖకు పేరు పెట్టాలంటే ముందుగా ప్రయోగశాలలో ఎవరో ఒకరు ఆ రేఖను కొలిచి ఉండాలి. ఈ సహాయక విద్యకు మన విజ్ఞాన చరిత్రలో దక్కవలసిన చోటు ఇంకా దక్కలేదనిపిస్తుంది.

సాహా సమీకరణం సహజీవన తారలను ఒక పజిలుగా మార్చింది. 468.6 రేఖ రావాలంటే హీలియం తన రెండవ ఎలక్ట్రాన్‌ను కూడా కోల్పోవాలి. దానికి 54.4 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. దాదాపు 3,000 డిగ్రీల ఉష్ణోగ్రత గల అరుణ తార ఉపరితలం ఇంత శక్తిని సమకూర్చడం అసంభవం. అయినా, ఆ రేఖ అటువంటి తారల వర్ణపటాల్లోనే కనిపించింది.

4. పేరు, దాని అర్థం, గుర్తింపు నియమాలు

హార్వర్డ్ వర్ణపట పలకలను వర్గీకరించిన విలియమినా ఫ్లెమింగ్, ఆనీ కానన్‌ల కాలం నుంచే కొన్ని తారలు ఏ వర్గంలోనూ ఇమడకుండా మిగిలిపోయాయి. 1932లో మౌంట్ విల్సన్‌లో పాల్ మెరిల్, మిల్టన్ హ్యూమాసన్ మూడు తారలను వేరుచేసి చూపారు: సిఐ సిగ్ని, ఆర్‌డబ్ల్యు హైడ్రే, ఏఎక్స్ పెర్సియై. మూడింటిలోనూ చల్లని తారకు గుర్తయిన టైటానియం ఆక్సైడ్ శోషణ పట్టీలు ఉన్నాయి. వాటి మీదనే 468.6 ఉద్గార రేఖ కూడా ఉంది. 1940ల తొలినాళ్ళలో మెరిల్ వీటికి జీవశాస్త్రం నుంచి సహజీవనం అనే పేరు తెచ్చారు.

తెలుగులో ఈ మాట వినగానే పరస్పర లాభం గుర్తుకు వస్తుంది. శిలీంధ్రం, శైవలం కలిసి లైకెన్‌గా బతికే ఉదాహరణ పాఠశాలలో అందరం చదివినదే. మెరిల్ ఉద్దేశం అంత దూరం పోలేదు. ఆయన దృష్టిలో కలిసి బతుకుతున్నవి రెండు వర్ణపటాలు. వాస్తవంలో ఆ తారల మధ్య ఉన్నది లాభాల పంపకం కాదు. అరుణ మహాతార తన పవనం రూపంలో ద్రవ్యాన్ని వెదజల్లుతుంది. పక్కనున్న తార, చాలా సందర్భాల్లో శ్వేత కుబ్జతార, అందులో కొంత గుంజుకొని వేడెక్కుతుంది. దాని అతినీలలోహిత కాంతి పవనాన్ని అయనీకరించి నీహారికలా వెలిగిస్తుంది. అందువల్ల వర్ణపటంలో నిజానికి మూడు పొరలు ఉంటాయి: చల్లని తారవి, వేడి తారవి, వాటి మధ్య వాయువువి.

జంట అన్న నిర్ణయం ఒక్కసారిగా రాలేదు. చల్లని తార ఒక్కటే, దాని చుట్టూ సూర్యుని కరోనా వంటి అత్యుష్ణ పొర ఉండవచ్చని చాలాకాలం వాదించినవారు ఉన్నారు. ఈ వాదాన్ని తేలిగ్గా తోసిపుచ్చలేం. ఒక్క వర్ణపటం చూసి రెండింటిలో ఏది నిజమో చెప్పడం కష్టం. సిఐ సిగ్నిలో దాదాపు 855 రోజులకు ఒకసారి గ్రహణం కనిపించడం, రేఖల స్థానాలు ఆవర్తనంగా ఇటూ అటూ జరగడం, 1978లో ప్రయోగించిన అంతర్జాతీయ అతినీలలోహిత ఉపగ్రహం వేడి తార కాంతిని నేరుగా నమోదు చేయడం, ఇవన్నీ కలిశాకే జంట తారల వివరణ నిలబడింది. క్లెర్జే రెండవ పఠనం వంటిదే ఇది.

పోల్చదగిన తారలు పలు ఉన్నందున నియమాలు కఠినంగా పెట్టవలసి వచ్చింది. మీరా వంటి చరతారలు అఘాత తరంగాల వల్ల హైడ్రోజన్ ఉద్గార రేఖలను ఒంటరిగానే చూపగలవు. కాబట్టి అరుణ తార పట్టీలు, హైడ్రోజన్ రేఖలు రెండూ ఉన్నంత మాత్రాన సరిపోదు. 2000లో బెల్చిన్‌స్కీ, ఆయన సహపరిశోధకులు ప్రకటించిన పట్టికలో 188 సహజీవన తారలు, మరో 30 అనుమానితాలు ఉన్నాయి. చల్లని మహాతార శోషణ లక్షణాలతో పాటు హైడ్రోజన్, హీలియం బలమైన ఉద్గార రేఖలు, కనీసం 35 ఎలక్ట్రాన్ వోల్టుల అయనీకరణ శక్తి అవసరమయ్యే అయాన్ల రేఖలు ఉండాలన్నది అందులో ప్రధాన నియమం. విస్ఫోటన దశలో ఈ రేఖలు మాయమవుతాయి గనుక దానికొక మినహాయింపు ఇచ్చారు. మరొక నియమం ఆసక్తికరమైనది: మహాతార ఆనవాలు ఏదీ దొరకకపోయినా, 682.5 నానోమీటర్ల వద్ద ఒక విశాలమైన పట్టీ ఉంటే చాలు, అది సహజీవన తారే.

5. హైదరాబాదు చుక్కలు

ఈ కాలమంతా తెలుగు ప్రాంతపు ప్రధాన వేధశాల ఏం చేస్తున్నట్లు? నవాబు జాఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాల 1908లో ప్రభుత్వ పరమై, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేరింది. అంతర్జాతీయ ఆకాశ పట నిర్మాణంలో దానికి అప్పగించిన మండలాలను లక్షల కొద్దీ తారల స్థానాలతో పూర్తిచేసి, సంపుటాలుగా ప్రచురించింది. టి.పి. భాస్కరన్ నేతృత్వంలో 15 అంగుళాల గ్రబ్ దూరదర్శినితో చరతారల ప్రకాశాన్ని కంటితో అంచనా కట్టే పని సాగింది.

ఇది గొప్ప శ్రమ. కాని స్థానం, ప్రకాశం ఈ రెండు కొలతల్లోనూ సహజీవన తార ఒక మామూలు చుక్కే. కాంతిని విడదీసే చోటనే దాని రహస్యం ఉంది. రాత్రి ఆకాశపు వర్ణపట పరిశోధన హైదరాబాదులో ముందే ఊపందుకొని ఉంటే అన్న ఊహకు విలువ తక్కువ. అప్పటి దూరదర్శినులకు, ఛాయాచిత్ర పలకలకు ఉన్న పరిమితులు వాస్తవమైనవి. ఆ లోటును పూడ్చే దిశగా 1968లో జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల దూరదర్శిని నెలకొన్నది. కె.డి. అభ్యంకర్ మార్గదర్శకత్వంలో అక్కడ జంట తారల అధ్యయనం బలపడింది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం ఆ వేధశాల మీదుగానే సాగింది.

నిజామియాలో పనిచేసిన తండ్రి వెంట ఆ ఆవరణలోనే ఆకాశాన్ని పరిచయం చేసుకున్న ఎం.కె. వేణు బప్పు దారి మాత్రం సూటిగా వర్ణపటం వైపు సాగింది. హార్వర్డ్ తరువాత కాలిఫోర్నియాలో ఓలిన్ విల్సన్‌తో కలిసి ఆయన చేసిన పని 1957లో వెలువడింది. చల్లని తారల కాల్షియం ఉద్గార రేఖ వెడల్పు నుంచి వాటి సహజ ప్రకాశాన్ని తెలుసుకోవచ్చన్నది దాని సారం. తమిళనాడులోని కావలూరులో ఆయన నెలకొల్పిన వేధశాలలో, ఆయన మరణానంతరం, 1985 జనవరిలో విస్ఫోటనం చెందిన సహజీవన నోవా ఆర్‌ఎస్ ఓఫియుకి వర్ణపటాలను జి.సి. అనుపమ, టి.పి. ప్రభు సేకరించి విశ్లేషించారు.

6. రామన్ పట్టీలు, ధ్రువణం

682.5, 708.2 నానోమీటర్ల వద్ద ఉన్న రెండు విశాలమైన పట్టీలకు చాలాకాలం పేరు లేదు. డేవిడ్ అలెన్ 1980లో వాటిని ప్రత్యేకంగా చర్చించారు. ఏ పరమాణువు రేఖతోనూ అవి పొసగలేదు. 1989లో హాన్స్ మార్టిన్ ష్మిడ్ సమాధానం ఇచ్చారు. వేడి తార దగ్గర ఐదు ఎలక్ట్రాన్లు కోల్పోయిన ఆక్సిజన్ 103.2, 103.8 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని వెలువరిస్తుంది. ఆ కాంతికణం అరుణ మహాతార పవనంలోని తటస్థ హైడ్రోజన్‌ను తాకినప్పుడు, కొంత శక్తిని పరమాణువుకు వదిలి, ఎరుపు కాంతిగా బయటికి వస్తుంది. ఇది రామన్ పరిక్షేపణమే.

లెక్క తరగతి గదిలో సరిచూసుకోవచ్చు. పరమాణువు వద్ద మిగిలిపోయే శక్తి హైడ్రోజన్ మొదటి ఉత్తేజిత స్థితికి చెందినది, అంటే 121.6 నానోమీటర్ల కాంతికణానికి సమానమైనది. 103.2 విలోమం నుంచి 121.6 విలోమాన్ని తీసివేసి, వచ్చిన దాని విలోమం కడితే దాదాపు 682 వస్తుంది. ఈ పట్టీ ఎందుకంత గట్టి సాక్ష్యమో కూడా దీనితో తెలుస్తుంది. ఆక్సిజన్‌ను ఆ స్థితికి తేవడానికి 114 ఎలక్ట్రాన్ వోల్టులు ఇవ్వగల మహోష్ణం ఒకవైపు, పెద్ద మొత్తంలో తటస్థ హైడ్రోజన్ నిలవగల చల్లదనం మరోవైపు, రెండూ పక్కపక్కన ఉండాలి. ఒంటరి తారలో అది దాదాపు అసాధ్యం.

సి.వి. రామన్ బాల్యం, తొలి చదువు విశాఖపట్నంలో గడిచాయి. ఆయన తండ్రి అక్కడి ఏ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులు. 1928 ఫిబ్రవరిలో కలకత్తాలో ఆయన ద్రవాలలో చూసిన పరిక్షేపణాన్ని వివరించే కృషిలో పాలుపంచుకున్న తొలి శిష్యుల్లో నిజాం కళాశాల పూర్వ విద్యార్థి సూరి భగవంతం ఒకరు; ఆయనే తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర ఆచార్యులై, ఉస్మానియా ఉపాధ్యక్షులయ్యారు. వారి ప్రయోగశాలల్లో ఈ పరిక్షేపణం అణువుల నిర్మాణాన్ని తెలుసుకొనే సాధనం. అదే సూత్రం ఒక జాతి తారలకు గుర్తింపు ముద్ర అయింది.

రామన్ పరిక్షేపణంలో వచ్చిన కాంతి ధ్రువితమై ఉంటుంది. ష్మిడ్, షిల్డ్ 1990లలో ఈ పట్టీల ధ్రువణ కోణాన్ని కొలిచారు. ధ్రువణ దిశ ప్రధానంగా రెండు తారలనూ కలిపే రేఖకు లంబంగా ఉంటుంది. కక్ష్యలో తారలు తిరిగేకొద్దీ ఆ కోణం కూడా తిరుగుతుంది. కంటికి ఎన్నడూ రెండుగా విడిపడని జంట కక్ష్య ఆకాశంలో ఏ దిశకు వాలి ఉన్నదో దీనితో తెలుస్తుంది.

ఇక్కడే బోధన్ ప్రయోగశాల మళ్ళీ ప్రస్తావనకు వస్తుంది. రెండు సందర్భాల్లో ధ్రువణానికి కారణం ఒకటి కాదు. చక్కెరలో తలాన్ని తిప్పేది అణువు అసౌష్ఠవం, తారలో దాన్ని నిర్ణయించేది పరిక్షేపణ జ్యామితి. కొలిచే పద్ధతిలో మాత్రం బంధుత్వం ఉంది: విశ్లేషకాన్ని తిప్పడం, తీవ్రతలను పోల్చడం, కోణం చదవడం. మిశ్రమంలోని ఒక్కో అంశాన్ని వేరుచేయడానికి కోణాన్ని సాక్షిగా పిలవడం కూడా సామాన్యమే. తెలుగు ప్రాంతాల విజ్ఞాన చరిత్రను రాసేవారు వేధశాల, విశ్వవిద్యాలయం అనే రెండు స్థలాలకే పరిమితమవుతున్నారు. వేలాది చెరకు రైతుల ఆదాయంతో ముడిపడిన కాంతి కొలతలు ఏళ్ళ తరబడి జరిగిన స్థలం మిల్లు ప్రయోగశాల. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్ళిన బోధన్ కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. మూతబడిన మిల్లు గురించి రైతు బకాయిలు, కార్మికుల వేతనాలు, భూముల కోణంలో రాసినవారు ఉన్నారు, రాయవలసిందే. ఆ ప్రయోగశాలల రోజువారీ పఠన పుస్తకాలను కూడా చారిత్రక ఆధారాలుగా భద్రపరచవలసిన అవసరాన్ని పరిశోధకులు గుర్తించాలి.

7. టి కొరోనే బొరియాలిస్

సహజీవన తారల్లో వర్ణపట చరిత్ర అత్యంత పాతది టి కొరోనే బొరియాలిస్‌ది. 1866 మేలో అది హఠాత్తుగా రెండవ తరగతి ప్రకాశానికి చేరినప్పుడు విలియం హగ్గిన్స్ దాని వర్ణపటాన్ని చూసి ప్రకాశవంతమైన హైడ్రోజన్ రేఖలను గుర్తించారు. నోవా వర్ణపటాన్ని పరిశీలించడం అదే మొదలు. గుంటూరు గ్రహణానికి అప్పటికి ఇంకా రెండేళ్ళు. 1946 ఫిబ్రవరిలో మళ్ళీ విస్ఫోటించింది. మామూలు దశలో అది పదవ తరగతి అరుణ తార. జంట కక్ష్యాకాలం దాదాపు 227.6 రోజులు. 2015 ప్రాంతంలో దాని వర్ణపటంలో 468.6 హీలియం రేఖ అసాధారణంగా బలపడింది. 2023 నాటికి ఆ ఉద్ధృత దశ సద్దుమణిగింది. మరో విస్ఫోటనం కోసం ప్రపంచవ్యాప్తంగా ఎదురుచూపులు దీనితో మొదలయ్యాయి.

ఈ తార మార్పులను రాత్రి రాత్రికీ నమోదు చేస్తున్నవారిలో పెద్ద వేధశాలలతో పాటు చిన్న పరికరాలున్న అభిరుచిపరులు ఉన్నారు. యూరప్‌లో మొదలైన ఆరాస్ అనే వర్ణపట పరిశీలకుల బృందం సేకరించిన సహజీవన తారల వర్ణపటాలను వృత్తి పరిశోధకులు తమ పత్రాల్లో వాడుతున్నారు. 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరదర్శిని, చీలిక గల చిన్న గ్రేటింగ్ వర్ణపటలేఖిని ఉంటే 656.3 నానోమీటర్ల హైడ్రోజన్ రేఖనూ, టైటానియం ఆక్సైడ్ పట్టీలనూ పట్టుకోవచ్చు. నిజామాబాద్ అక్షాంశం సుమారు 18.7 డిగ్రీలు, తార క్రాంతి సుమారు 26 డిగ్రీలు. అంటే మే నెల అర్ధరాత్రి వేళ అది ఇక్కడ నడినెత్తికి ఏడు డిగ్రీల ఎడంలోకి వస్తుంది. వర్ణపటంపై తరంగదైర్ఘ్యాల గుర్తులు వేయడానికి కళాశాల ప్రయోగశాలలోని నియాన్, సోడియం దీపాలు సరిపోతాయి.